గాలి పీల్చే సముద్రపు నత్త

డర్బన్ నగరం నుండి దక్షిణంగా ఈస్ట్ లండన్ మీదుగా కేప్ ప్రాంతం వరకు సాగే సముద్రతీరంలో ఇసుక తిన్నెలతో పాటు నల్లని రాతిగట్లు కూడా విస్తారంగా ఉన్నవి. ఆటు వేళ సముద్రం వెనుకకు తగ్గినప్పుడు ఆ రాళ్ళ మీద వేలకొద్దీ చిన్న గుల్లలు బయటపడతాయి. బోర్లించిన దొన్నెల వలె ఉండే ఈ గుల్లలను చూసి ‘ఇవి లింపెట్లు’ అనుకొని ముందుకు సాగిపోవడం పరిపాటి. అందులో తప్పు పట్టవలసినది లేదు. జీవుల నామకరణ పద్ధతికి ఆద్యుడైన లిన్నేయస్ మహాశయుడే 1758లో ఇటువంటి గుల్ల ఒకదానికి పేరు పెట్టినప్పుడు, దానిని లింపెట్ల గణమైన ‘పటెల్లా’లో చేర్చారు.

కాని ఆ గుంపులో లింపెట్ కాని జీవి ఒకటి ఉన్నది. దాని పుట్టుక సముద్రంలో, తిండి సముద్రపు నాచు, రోజుకు రెండుసార్లు నెత్తి మీద ఉప్పునీరు. అయినప్పటికీ దాని శరీరంలో ఊపిరితిత్తి ఉన్నది. తోటలో తిరిగే నత్త వలె అది గాలి పీల్చగలదు. ఆ నత్తల గణం పేరు సైఫొనేరియా. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జార్జ్ సవర్బీ 1823లో ఈ గణానికి ప్రత్యేకంగా పేరు పెట్టారు. తరువాత పదేళ్ళకు, ‘ఆస్ట్రొలాబ్’ ఓడలో భూమిని చుట్టివచ్చిన ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞులు క్వా, గేమార్ దక్షిణాఫ్రికా జాతి ఒకదానిని వర్ణించి, కేప్ పేరు మీదుగా సైఫొనేరియా కేపెన్సిస్ అని వ్యవహరించారు. 1838 నుండి 1840 వరకు కేప్, నేటాల్ ప్రాంతాలలో తిరిగి వెళ్ళిన జర్మన్ శాస్త్రజ్ఞుడు క్రౌస్, 1848లో ప్రకటించిన తన గ్రంథంలో సైఫొనేరియా ఆక్యులస్ అనే మరొక జాతిని లోకానికి పరిచయం చేశారు. ఆక్యులస్ అంటే లాటిన్ భాషలో కన్ను. ఈ రెండవ పేరును పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఈ కథలో ముఖ్యమైన పరీక్ష దాని మీదనే జరిగింది.

గుర్తించడం ఎలా?

కేపెన్సిస్ గుల్ల సుమారు రెండు, రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది. శిఖరం నుండి అంచు వరకు సన్నని గీతలు గొడుగు ఊచల వలె దిగుతాయి. లింపెట్ గుల్ల మీద కూడా ఇటువంటి గీతలే ఉంటాయి గనుక వాటిని నమ్ముకొని లాభం లేదు. చూడవలసినది గుల్ల కుడి ప్రక్కను. అక్కడ ఒకటి రెండు గీతలు తక్కినవాటి కంటె లావుగా ఉండి, అంచు కొద్దిగా బయటకు ఉబికి ఉంటుంది. ఆ ఉబ్బు క్రింద, గుల్ల లోపలి భాగాన ఒక గాడి ఉన్నది. నత్త గాలి పీల్చేది ఆ దారి నుండే. సైఫొనేరియా అనే పేరుకు మూలం కూడ ఆ గాడియే. ‘సైఫన్’ అంటే గొట్టం.

ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఖాళీ గుల్ల దొరికితే మరొక గుర్తు చూడవచ్చు. గుల్ల లోపల, కండరం అతుక్కొని ఉండిన చోట గుర్రపు లాడం వంటి మచ్చ ఉంటుంది. నిజమైన లింపెట్‌లో ఆ లాడం తెరచిన నోరు తల వైపునకు, అనగా ముందుకు ఉంటుంది. సైఫొనేరియాలో అది కుడి వైపునకు తిరిగి ఉంటుంది. గుల్లను వెల్లకిల తిప్పినప్పుడు కుడి ఎడమలు తారుమారు అవుతాయని మాత్రం మరువరాదు. పిల్లలకు ఈ తేడా చూపించబోయి పెద్దలు పొరబడేది సాధారణంగా ఇక్కడనే.

బ్రతికి ఉన్న నత్తను గమనించగలిగితే తల చూసి కూడా చెప్పవచ్చు. లింపెట్ తలకు రెండు స్పర్శశృంగాలు, వాడుకమాటలో మీసాలు, స్పష్టంగా ఉంటాయి. సైఫొనేరియా తల వెడల్పుగా, రెండు తమ్మెలుగా చీలి, మీసాలు లేకుండా ఉంటుంది. ఇందుకోసం నత్తను రాతి నుండి ఊడబెరకడం మంచిది కాదు. ఊడిన నత్త తిరిగి సరిగా అతుక్కొనలేక చనిపోవచ్చు. పైగా అది చేతికి ఏమి పూస్తుందో ముందు ముందు చెప్పబడుతుంది.

మొప్ప, ఊపిరితిత్తి: ఒకే గదిలో

ఆంధ్రదేశపు కళాశాలల్లో జంతుశాస్త్రం చదివినవారికి పైలా అనే నత్త పరిచితమే. వరిచేలలో, చెరువులలో దొరికే ఆ పెద్ద నత్తను ప్రయోగశాలలో కోయని విద్యార్థి అరుదు. దాని ప్రావార కుహరం, అనగా గుల్ల క్రింద తల వెనుక ఉండే గది, రెండు భాగాలుగా ఉంటుంది. కుడి వైపున మొప్ప, ఎడమ వైపున ఊపిరి సంచి. చెరువులో నీరు ఉన్నంత కాలం మొప్పతోను, నీరు చెడినప్పుడు లేదా ఎండినప్పుడు ఊపిరి సంచితోను పైలా పని గడుపుకుంటుంది.

సైఫొనేరియాలో ఈ విభజన లేదు. గది ఒక్కటే. దాని పైకప్పు నుండి మడతలు మడతలుగా మొప్ప వ్రేలాడుతుంది. అదే పైకప్పు మీద సన్నని రక్తనాళాలు వలవలె అల్లుకొని ఊపిరితిత్తిగా పనిచేస్తాయి. పోటు వచ్చి రాయి మునిగినప్పుడు కుహరంలో నీరు నిండి మొప్ప ప్రాణవాయువును గ్రహిస్తుంది. ఆటు వచ్చి రాయి తేలినప్పుడు ఆ కుహరంలోకే గాలి ప్రవేశిస్తుంది. కుడి ప్రక్కనున్న ద్వారానికి ఒక కండర రెప్ప ఉన్నది. అవసరాన్ని బట్టి అది తెరచుకుంటుంది, మూసుకుంటుంది. రెండు శ్వాసలకు ఒకే గదిని వాడుకునే ఈ ఏర్పాటు సముద్రం అంచున నివసించే జీవికి తగినదే. ఒక పోటుకు మరొక పోటుకు నడుమ వ్యవధి సుమారు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. కనుక దాదాపు ఆరు గంటలకొకసారి ఈ జీవి లోకం తలక్రిందులు అవుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకొనవలెను. పైలాకు ఊపిరి సంచి ఉన్నంత మాత్రాన అది సైఫొనేరియాకు బంధువు కాదు. పైలా వంశం వేరు. దాని ఊపిరి సంచి ఆ వంశంలో విడిగా ఏర్పడినది. అదే విధంగా లింపెట్‌కు సైఫొనేరియాకు గుల్ల ఒకే తీరుగా ఉన్నంత మాత్రాన ఆ రెండూ ఒక తల్లి బిడ్డలు కావు. అలల తాకిడిని తట్టుకొనడానికి రాతిని అంటిపెట్టుకొని ఉండే గొడుగు వంటి గుల్ల మేలు. ఆ మేలును వేర్వేరు నత్తల వంశాలు వేర్వేరు కాలాలలో పొందినవి. దీనిని శాస్త్రజ్ఞులు అభిసారి పరిణామం అంటారు. చేపకు, తిమింగిలానికి ఆకారం కలిసినట్లే ఇదీ. గుల్ల చూసి గోత్రం చెప్పలేము.

ఊపిరితిత్తి ఉండి ఊపిరి తగ్గించడం

గాలి పీల్చగల జీవి గాలిలో ఉన్నప్పుడు చురుకుగా ఉంటుందని ఎవరైనా ఊహిస్తారు. లింపెట్‌కు ఊపిరితిత్తి లేదు కాబట్టి ఆటు వేళ అదే మందకొడిగా ఉండవలెను, సైఫొనేరియా హాయిగా శ్వాసించవలెను. తర్కం ఇలాగే చెబుతుంది. రోడ్స్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధనలు ఈ ఊహను తలక్రిందులు చేసినవి.

మార్షల్, మెక్‌క్వెయిడ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సైఫొనేరియా ఆక్యులస్‌ను, అదే తీరంలో నివసించే పటెల్లా గ్రాన్యులారిస్ అనే నిజమైన లింపెట్‌ను తీసుకొని, వాటి గుండె కొట్టుకునే వేగాన్ని, అవి గ్రహించే ప్రాణవాయువును నీటిలోను, గాలిలోను కొలిచారు. 1991, 1992 సంవత్సరాలలో వెలువడిన ఈ ఫలితాల సారాంశం ఇది: గాలిలో వదిలినప్పుడు తన జీవక్రియను బాగా తగ్గించుకున్నది లింపెట్ కాదు, ఊపిరితిత్తి గల సైఫొనేరియాయే. దాని గుండె నెమ్మదించింది. ప్రాణవాయువు వినియోగం తగ్గింది. గాలి అందక ఇలా జరిగిందని అనుకొనరాదు. గాలి పుష్కలంగా ఉన్నది, దానిని గ్రహించే అవయవమూ ఉన్నది. అయినా నత్త దానిని మితంగా వాడుకున్నది.

ఎందుకు? జీవి శ్వాసించిన ప్రతిసారి లోపలి తేమ కొంత బయటకు పోతుంది. ఎండకు కాలిన రాతి మీద కూర్చున్న నత్తకు తేమ ప్రాణంతో సమానం. పైగా ఆ గంటలలో నాచు ఎండి ఉంటుంది. మేత మేయడం కష్టం. మేత లేని వేళ ఇంజను ఆపివేయడమే పొదుపు. సైఫొనేరియా ఊపిరితిత్తి పరుగెత్తడానికి కాదు, నిదానంగా వేచి ఉండడానికి ఉపకరిస్తున్నది. ఎప్పుడో ఒకసారి ద్వారం తెరచి కొద్దిపాటి గాలి తీసుకుంటే చాలు, కాలం గడిచిపోతుంది.

మార్షల్, మెక్‌క్వెయిడ్ తమ 1991 నాటి వ్యాసానికి పెట్టిన శీర్షికలోనే ఒక ప్రశ్న ఉన్నది: ఇది నేల మీది జీవనానికి ముందస్తు సన్నాహమా? ఈ ప్రశ్న వెనుక ఉన్న ఆలోచన గమనించదగినది. నేల మీది నత్తలు అనేకం ఎండ కాలంలో గుల్లలో ముడుచుకొని, జీవక్రియ తగ్గించుకొని, వాన కోసం ఎదురుచూస్తాయి. వేసవిలో ఎండిన చెరువు బురదలో పైలా చేసేదీ అదే. నెలల తరబడి సాగే ఆ నిద్రకు, ఆరు గంటల ఈ విరామానికి కొలతలో తేడా ఎంత ఉన్నా, పద్ధతిలో పోలిక ఉన్నది.

సైఫొనేరియా సంచారం కూడా ఈ పొదుపుకు అనుగుణంగానే ఉంటుంది. నీరు తీసి రాయి ఇంకా తడిగా ఉన్న వేళ చాలా జాతులు మేతకు కదులుతాయి. రాయి ఆరేసరికి కదలిక ఆగుతుంది. కేప్‌టౌన్ శాస్త్రజ్ఞుడు జార్జ్ బ్రాంచ్, ఆయన సహచరుడు చెర్రీ 1985లో కేపెన్సిస్ సంచార వేళలను పరిశీలించి, మూడు కారణాలను ఎత్తి చూపారు: అలల తాకిడి, శత్రువులు, ఉప్పుసాంద్రతలో మార్పు. ఆటు వేళ కుంభవృష్టి కురిస్తే రాతి మీద నిలిచేది మంచినీరు. సముద్రజీవికి అది విషం వంటిది.

పట్టు, మేత, ఇల్లు

అలల భయానికి కారణం ఉన్నది. సైఫొనేరియా పాదానికి లింపెట్ పాదానికి ఉన్నంత పట్టు లేదు. లింపెట్‌ను ఊడదీయడానికి కత్తి మొన కావలసి వస్తుంది. సైఫొనేరియా అంత మొండిది కాదు.

నోటి విషయంలో కూడా అంతే. నత్తల నోటిలో రాడ్యులా అనే నాలుక వంటి పట్టీ ఉంటుంది. ఆకురాయి మీద పళ్ళ వలె దాని మీద వరుసలు వరుసలుగా పళ్ళు ఉంటాయి. లింపెట్ పళ్ళలో గోథైట్ అనే ఇనుప ఖనిజం ఉన్నది. ఇంగ్లండులో 2015లో జరిపిన పరీక్షలలో లింపెట్ పంటి పదార్థం, అంతవరకు తెలిసిన జీవ పదార్థాలన్నింటిలోకి దృఢమైనదిగా తేలింది. ఆ పళ్ళతో లింపెట్ రాతినే గీకి, కంటికి కనబడని శైవలాలను కూడా ఊడ్చి తింటుంది. సైఫొనేరియా పళ్ళు చిన్నవి, అనేకం, అంత గట్టివి కావు. అది పెరిగిన నాచును పైపైన కత్తిరించి తింటుంది; మొదలు రాతి మీదనే మిగిలిపోయి మళ్ళీ చిగురిస్తుంది. ఒకటి చేనును దున్నివేస్తే మరొకటి గడ్డి కోసుకుంటుంది.

ఈ తేడా ఫలితం ఏమిటో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ తీరంలో క్రీస్, అండర్‌వుడ్ ప్రయోగాలు చేసి 1982లో ప్రకటించారు. తీగ వలల ప్రహరీలు కట్టి, వాటిలో సెల్లానా అనే లింపెట్‌ను, రెండు సైఫొనేరియా జాతులను వేర్వేరు సంఖ్యలలో ఉంచారు. సెల్లానాల సంఖ్య పెరిగితే సైఫొనేరియా దెబ్బ తిన్నది. సైఫొనేరియాల సంఖ్య పెరిగినా సెల్లానాకు చెప్పుకోదగిన నష్టం లేదు. పోటీలో ఓడినా, నాచు బలంగా పెరిగే చోట్ల మాత్రం సైఫొనేరియాకు లోటు లేదు.

మేతకు వెళ్ళిన నత్త తిరిగి తన చోటుకే చేరే అలవాటు కొన్ని జాతులలో ఉన్నది. బెర్ముడాలో కుక్ దంపతులు పరిశీలించిన జాతి తాను వదిలిన జిగురు జాడను పట్టుకొని వెనుకకు వచ్చేది. పనామా తీరంలో ఆరు సెంటీమీటర్లు దాటి పెరిగే సైఫొనేరియా గిగాస్ అనే పెద్ద జాతి ఉన్నది. అది కూర్చునే చోట రాతిలో దాని గుల్ల అంచుకు సరిపడే అచ్చు పడి ఉంటుంది. తన అచ్చులో సరిగా అమరిన నత్త శత్రువులకు లొంగదని గారిటీ, లెవింగ్స్ 1983లో నిరూపించారు. పట్టు చాలని జీవి ఇంటిని నమ్ముకున్నది.

పాల వంటి చేదు

మరొక రక్షణ కూడ ఉన్నది. సైఫొనేరియాను గట్టిగా తాకితే పాదం, ప్రావారపు అంచుల నుండి తెల్లని పాల వంటి జిగురు వస్తుంది. హవాయి ద్వీపవాసులకు ‘ఓపిహి’ అనే లింపెట్ ఎంతో ఇష్టమైన ఆహారం. విందులలో దానికి గొప్ప స్థానం ఉన్నది. అక్కడి రాళ్ళ మీద ఉండే సైఫొనేరియాను మాత్రం వారు ‘ఓపిహి ఆవా’ అంటారు. ఆవా అంటే చేదు. పుస్తకాలు గుల్ల గీతలను లెక్కపెట్టక ముందే ఆ ప్రజల నాలుక ఈ రెండు జీవులను వేరు చేసింది. అన్ని చోట్లా ఇంతే అని కాదు. కోస్టారికా తీరంలో గిగాస్ జాతిని మనుషులు ఏరి తినడం వలన, జనసంచారం ఉన్న చోట పెద్ద నత్తలు తగ్గిపోయినట్లు 1987లో ప్రకటించారు. చేదుకు హద్దు ఉన్నది, ఆకలికి లేదు.

ఆ చేదు రహస్యాన్ని రసాయన శాస్త్రజ్ఞులు 1980ల నుండి విప్పుతూ వచ్చారు. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థకు చెందిన జాన్ ఫాక్నర్ బృందం 1983లో ఆస్ట్రేలియా జాతి సైఫొనేరియా డెంటిక్యులాటా నుండి డెంటిక్యులాటిన్లు అనే రెండు పదార్థాలను వేరు చేసింది. 1999లో రోడ్స్ విశ్వవిద్యాలయపు బ్యూకస్, డేవిస్ కోల్‌మన్ కేపెన్సిస్ నుండి కేపెన్సినోన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. ఇవన్నీ పాలీప్రొపియొనేట్లు అనే కుటుంబానికి చెందినవి. ప్రొపియొనేట్ అనే మూడు కర్బన అణువుల చిన్న ముక్కలను ఒకదాని వెనుక ఒకటి పూసల వలె గుచ్చితే ఈ పదార్థాలు తయారవుతాయి. మందుల దుకాణంలో దొరికే ఎరిత్రోమైసిన్‌ను ఒక సూక్ష్మజీవి తయారుచేసే పద్ధతి కూడా ఇటువంటిదే.

నత్త ఈ పదార్థాలను తిన్న నాచు నుండి సంపాదిస్తున్నదా, స్వయంగా తయారు చేసుకుంటున్నదా అనే సందేహం సహజం. 1988లో మాంకర్, గార్సన్, ఫాక్నర్ గుర్తు పెట్టిన ప్రొపియొనేట్‌ను డెంటిక్యులాటా నత్తలకు ఇచ్చి పరీక్షించగా, ఆ గుర్తు డెంటిక్యులాటిన్‌లో కనబడింది. అనగా నత్త శరీరంలోనే తయారీ జరుగుతున్నది. గుల్ల లేని కొన్ని సముద్రపు నత్తలలో కూడ ఇటువంటి పాలీప్రొపియొనేట్లు ఉన్నవి. వంశవృక్షం గీయబూనినవారికి ఈ పోలిక ఒక చిన్న ఆధారం.

తీరానికి వచ్చిందా, తీరాన ఉండిపోయిందా?

ఊపిరితిత్తి ఉన్న నత్త సముద్రంలో ఎందుకు ఉన్నది? ఈ ప్రశ్నకు పూర్వం రెండు సమాధానాలు వినిపించేవి. దీని పూర్వులు ఒకప్పుడు నేల మీద నివసించి, తిరిగి సముద్రానికి చేరినవని కొందరు అన్నారు. తిమింగిలం కథ వంటిదే ఇదీ అని వారి వాదం. కుహరంలోని మొప్ప కొత్తగా ఏర్పడినది కావడం వారికి అనుకూలంగా ఉండేది. అది కాదు, ఈ నత్తలు సముద్రాన్ని ఎన్నడూ విడువలేదు, నేల మీది నత్తల పూర్వులు ఎటువంటి చోట బయలుదేరినవో చూపే పాతకాలపు సాక్షులు ఇవే అని మరికొందరు అన్నారు. శరీర నిర్మాణం మీద మాత్రమే ఆధారపడినంత కాలం తగవు తెగలేదు.

జన్యుపదార్థాన్ని పోల్చే పద్ధతులు వచ్చిన తరువాత రెండవ పక్షానికే బలం చేకూరింది. 2010లో కథరీనా జోర్గర్, ఆమె సహచరులు ప్రకటించిన వంశవృక్షంలో ‘పాన్‌పల్మొనాటా’ అనే పెద్ద శాఖ ఏర్పడింది. తోటలను పాడుచేసే ఆఫ్రికా పెద్ద నత్త వంటి నేల నత్తలు, మంచినీటి నత్తలు, నాచు రసం పీల్చే కొన్ని సముద్రపు నత్తలు, సైఫొనేరియాలు అన్నీ ఈ శాఖలోనివే. అందులో సైఫొనేరియా రెమ్మ నేల నత్తల రెమ్మ నుండి పుట్టినది కాదు. దానికి దూరంగా, ముందే విడిపోయినది. కనుక సైఫొనేరియా నేల నుండి తిరిగి వచ్చిన ప్రవాసి కాదు, పుట్టిన అంచుననే నిలిచిన జీవి.

అయితే దీనినే నేల నత్తలకు ముత్తాత అనుకొనడం కూడ పొరపాటే. అది జ్ఞాతి మాత్రమే. ఆక్యులస్ గుండె నెమ్మదించడం చూసి మార్షల్, మెక్‌క్వెయిడ్ వేసిన ప్రశ్నకు ఈ వృక్షం నేరుగా జవాబు చెప్పదు. కాని ఆటుపోట్ల నడుమ గాలిని మితంగా వాడుకొని వేచి ఉండే విద్య సముద్రం అంచుననే అలవడగలదని, దానికోసం ముందుగా నేల మీద కాపురం చేసి ఉండనవసరం లేదని ఇప్పుడు ధైర్యంగా అనవచ్చు.

పుట్టుకలో రెండు త్రోవలు

లింపెట్లు గుడ్లను, వీర్యాన్ని సముద్రపు నీటిలోకి వదిలివేస్తాయి. మిగిలినది అలల దయ. సైఫొనేరియా అలా కాదు. ప్రతి నత్తలోను ఆడ, మగ అవయవాలు రెండూ ఉన్నప్పటికీ జత కట్టవలసినదే. కేపెన్సిస్ నత్తలు ఇంచుమించు తమ పరిమాణంలోని జతనే ఎంచుకుంటాయని, ఒక జతలో ఒకటి వీర్యం ఇస్తే మరొకటి పుచ్చుకుంటుందే కాని ఇచ్చిపుచ్చుకొనడం ఉండదని 2006లో వెలువడిన పరిశోధన తెలుపుతున్నది. తరువాత గుడ్లను జిగురు పట్టీలుగా రాతి మీద అతికిస్తాయి. ఆటు వేళ రాతిగుంటల అంచున చుట్టలు చుట్టుకొన్న లేత పసుపు పట్టీలు కనబడితే అవి ఇవే కావచ్చు.

రోడ్స్ విశ్వవిద్యాలయంలో పాల్, హాడ్జ్‌సన్ ఈ పట్టీలను వివరంగా పరిశీలించారు. కేపెన్సిస్ గుడ్ల నుండి వెలువడే డింభకాలు నీటిలో ఈదుతూ దూరాలకు పోతాయి. అదే తీరంలో ఉండే సైఫొనేరియా సెర్రాటా గుడ్లలో డింభక దశ లోపలనే ముగుస్తుంది. బయటకు వచ్చేది గుల్ల గల బుల్లి నత్త, అక్కడనే ప్రాకడం మొదలుపెడుతుంది. తల్లి ఉన్న రాయి బిడ్డకు తగినదని ముందే తెలిసినట్లు లెక్క. కాని ఆ రాయికి ఆపద వస్తే బిడ్డలకు వేరొక చోటు లేదు.

ఈదని బిడ్డలు దూరం పోలేవని తీర్మానించడం కూడా తొందరపాటే. అంటార్కిటికా చుట్టూ ఉన్న చల్లని సముద్రంలో సైఫొనేరియా లాటరాలిస్ అనే జాతి ఉన్నది. దాని పిల్లలు కూడా గుడ్డులోనే పూర్తిగా తయారవుతాయి. అయినా సౌత్ జార్జియా, కెర్గ్యులెన్, మాక్వారీ వంటి, వేల కిలోమీటర్ల దూరంలో విసిరివేసినట్లున్న దీవులన్నింటా అది కనబడుతుంది. తుఫానుకు తెగిన పెద్ద సముద్రపు నాచు తెప్పలై తేలుతూ పోతుంటే, దాని మొదళ్ళను పట్టుకొని నత్తలూ గుడ్లూ ప్రయాణిస్తాయి.

పేర్ల చిక్కు

గుల్లను చూసి లిన్నేయస్ పొరబడిన సంగతి మొదట చెప్పబడింది. ఆ పొరపాటు మరొక రూపంలో ఇటీవలి వరకు సాగింది. సైఫొనేరియా జాతులను ఒకదాని నుండి మరొకటి వేరు చేయడానికి కూడ శాస్త్రజ్ఞులు ప్రధానంగా గుల్ల మీదనే ఆధారపడ్డారు. కాని గుల్ల ఎత్తు, గీతల లోతు, రంగు నత్త కూర్చున్న చోటును బట్టి మారుతుంటాయి. నిజమైన లింపెట్ల విషయంలో ఈ సంగతిని వాల్తేరు రాళ్ళ మీద తెలుగు శాస్త్రజ్ఞులే చక్కగా చూపారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు చెందిన బాలపరమేశ్వరరావు, గణపతి 1971లో ‘మెరైన్ బయాలజీ’ పత్రికలో, సెల్లానా రేడియేటా అనే లింపెట్ గుల్ల అది తీరంలో నివసించే స్థానాన్ని బట్టి ఎలా మారుతుందో వివరించారు. ఒకే జాతి, చోటు మారితే రూపం వేరు.

సైఫొనేరియాలో దీనికి విరుద్ధమైన చిక్కు కూడ ఉన్నది: గుల్లలు ఒకే తీరుగా ఉండి, లోపలి జీవులు వేర్వేరు జాతులు కావడం. బ్రూస్ జెంకిన్స్, ఫ్రాంక్ కోలర్ అనే శాస్త్రజ్ఞులు హిందూ మహాసముద్రం నుండి పసిఫిక్ పశ్చిమ భాగం వరకు గల సైఫొనేరియాలను గుల్లతో పాటు జననేంద్రియాల నిర్మాణం, జన్యుపదార్థం కూడా కలిపి పరిశీలించి, 2024లో పెద్ద గ్రంథమంత సమీక్ష వెలువరించారు. పాత పేర్ల చాటున అనేక కొత్త జాతులు దాగి ఉన్నట్లు అందులో తేలింది. దీనితో ఆఫ్రికా తూర్పు తీరం నుండి భారత తీరం వరకు, గుల్లను మాత్రమే చూసి తయారు చేసిన పాత జాబితాలను మళ్ళీ సరిచూడవలసిన పని ఏర్పడింది. మ్యూజియం సొరుగులలో ఖాళీ గుల్ల, దాని ప్రక్కన వెలిసిపోయిన చీటీ ఉన్నంత మాత్రాన ఇక చాలదు. మెత్తని శరీరాన్ని కూడా భద్రపరచిన నమూనాలు కావలెను. వాటి కోసం ఆటు వేళ చూసుకొని రాళ్ళ మీదికి మళ్ళీ వెళ్ళవలసినదే.